ఏ లోపాన్ని భరించగలరో తేల్చుకోండి: పోరాటాలు నిండిన ఆరు ఫాంటసీ నవలల పోలిక

కత్తియుద్ధాలు, ముట్టడులు, మాంత్రికులు, రాక్షసులు పుష్కలంగా ఉండి, సాహిత్య విలువల దగ్గరికి వచ్చేసరికి తడబడే ఫాంటసీ నవలలు ఇంగ్లిషులో కోకొల్లలు. వాక్యం అక్కడక్కడా మొరటుగా ఉంటుంది, కాకతాళీయాలు శ్రుతిమించుతాయి, ప్రతినాయకుడు ఒక్కోసారి మరీ తెలివితక్కువగా ప్రవర్తిస్తాడు. అయినా రాత్రి పదింటికి పట్టుకుంటే రెండింటిదాకా పుస్తకం కింద పెట్టబుద్ధి కాదు. అలాంటివాటిలో దేనితో మొదలుపెట్టాలో తేల్చుకోలేని పాఠకుల కోసం ఆరు నవలలను ఇక్కడ పక్కపక్కన పెట్టి చూస్తున్నాను.

ఈ తరహా నవలలను వాటి సుగుణాలను బట్టి ఎంచుకోవడం వల్ల పెద్ద ప్రయోజనం లేదు. వేగం, సాహసం, మంత్రశక్తి అన్నిటిలోనూ ఉంటాయి, అట్ట వెనక రాసే పొగడ్తలు కూడా దాదాపు ఒకే అచ్చులో పోసినట్టే ఉంటాయి. అసలు తేడా లోపాల్లో ఉంది. ఒకరికి పేలవమైన వాక్యం పంటి కింద రాయిలా తగిలితే, మరొకరు దాన్ని గమనించకుండానే పేజీ తిప్పేస్తారు గానీ కథానాయికను నాలుగోసారి ఎత్తుకుపోయినప్పుడు మాత్రం పుస్తకం మూసేస్తారు. కాబట్టి మీరు ఏ లోపాన్ని నవ్వుకుని వదిలేయగలరు, ఏది మీ వల్ల కాదు అన్నదే మొదట తేల్చుకోవలసిన ప్రశ్న.

ఈ రుచి మనకు కొత్తదేమీ కాదు. చందమామలో 1954లో మొదలైన ‘తోకచుక్క’ నుంచి ‘భల్లూక మాంత్రికుడు’ వరకు దాసరి సుబ్రహ్మణ్యం రాసిన ధారావాహికలను నెలనెలా ఎదురుచూసి చదివిన తరాలు తెలుగులో ఉన్నాయి. ‘శిథిలాలయం’లో శిఖిముఖి, విక్రమకేసరి ఒక గండం నుంచి బయటపడీ పడకముందే మరో గండంలో చిక్కుకుంటారు. ‘యక్షపర్వతం’లో ఖడ్గవర్మ, జీవదత్తుల పరిస్థితీ అంతే. ఇంత అడవిలో సరిగ్గా వీళ్ల దారికే ఆ రాక్షసుడు ఎందుకు అడ్డొచ్చాడని ఎవరూ అడగలేదు, వచ్చే నెల సంచిక ఎప్పుడొస్తుందనే అడిగారు. చిత్రకారుడు ‘చిత్ర’ గీసిన బొమ్మలు సగం పని చేసిపెట్టేవన్నది కూడా ఒప్పుకోవాలి. బొమ్మలు లేని ఇంగ్లిషు నవలలో ఆ పని వాక్యమే చేయాలి, చాలా లోపాలు బయటపడేది అక్కడే.

దేన్ని బట్టి పోల్చాలి

నా దృష్టిలో నాలుగు ప్రమాణాలు చాలు.

మొదటిది, పోరాటం కళ్లకు కట్టడం. ఎవరు ఎక్కడ నిలబడ్డారు, ఎవరి చేతిలో ఏముంది, వెనక గోడ ఉందా లోయ ఉందా అన్నది పాఠకుడికి తెలియాలి. ఇది తెలియకుండా పేజీలకు పేజీలు కత్తులు ఖంగుమనిపిస్తే అది నేల విడిచి సాము చేయడమే. రెండోది, గెలుపుకు చెల్లించే మూల్యం. నాయకుడికి ఏమీ కాదని ముందే తెలిసిపోతే ఎంత పెద్ద యుద్ధమైనా బోరు కొడుతుంది. మూడోది, కథ అసలు కదలడం మొదలయ్యేది ఎన్నో పేజీలో అన్నది. నాలుగోది, ఒక్క పుస్తకంతో కథ తీరుతుందా లేదా అన్నది. ఉద్యోగం, పిల్లలు, ప్రయాణాల మధ్య చదువుకునేవారికి ఈ నాలుగోదే అన్నిటికన్నా ముఖ్యం కావచ్చు.

| నవల | రచయిత, తొలి ప్రచురణ | పోరాటాల తీరు | భరించవలసిన లోపం | ఒక్క పుస్తకంతో తీరుతుందా |
|---|---|---|---|---|
| ఎ ప్రిన్సెస్ ఆఫ్ మార్స్ | ఎడ్గార్ రైస్ బరోస్, 1912 | పొట్టిగా, ఒకదాని వెంట ఒకటి | కాకతాళీయాలు, పాతకాలపు జాతి దృష్టి | సగమే. ముగింపు వేలాడుతుంది |
| ది అవర్ ఆఫ్ ద డ్రాగన్ | రాబర్ట్ ఇ. హోవర్డ్, 1935–36 | ఉధృతంగా, రక్తసిక్తంగా | అతుకుల కథ, స్త్రీ పాత్రల కొరత | తీరుతుంది |
| లెజెండ్ | డేవిడ్ గెమ్మెల్, 1984 | ఒకే కోట, ఒకే ముట్టడి | హడావిడి ప్రేమ, చులాగ్గా తేలిపోయే ముగింపు | పూర్తిగా తీరుతుంది |
| ది క్రిస్టల్ షార్డ్ | ఆర్. ఎ. సాల్వటోర్, 1988 | ఎత్తుకు పై ఎత్తుల కత్తియుద్ధం | విశేషణాల మోత, తేలికపాటి ప్రతినాయకుడు | దాదాపు తీరుతుంది |
| మిస్ట్‌బార్న్: ది ఫైనల్ ఎంపైర్ | బ్రాండన్ శాండర్సన్, 2006 | నియమాలున్న మంత్రవిద్య, గాలిలో పోరాటం | చెప్పిందే చెప్పడం, నిడివి | చాలావరకు తీరుతుంది |
| ఫోర్త్ వింగ్ | రెబెకా యారోస్, 2023 | శిక్షణ పరీక్షలు, డ్రాగన్‌లు | తర్కానికి నిలవని లోకం, నేటి వాడుక భాష | తీరదు |

లెజెండ్: ఒక్కటే చదవాలంటే ఇదే

ఆరింటిలో ఒక్కటి మాత్రమే చదివే తీరిక ఉన్నవారికి నేను చెప్పేది దీని పేరే. గెమ్మెల్ పాత్రికేయులు. తనకు క్యాన్సర్ ఉందేమోనన్న అనుమానంతో పరీక్షల ఫలితాల కోసం ఎదురుచూస్తున్న రోజుల్లో, 1976లో, ఈ నవల తొలి ప్రతి రాశారు. ఒక కోట, దాని మీదికి వచ్చే లెక్కకు మిక్కిలి సైన్యం, లోపల గుప్పెడు మంది: కథంతా ఇంతే. ఆ క్యాన్సర్ భయం సంగతి తెలిసి చదివితే, కోట నిలుస్తుందా అన్న ప్రశ్న వెనక ఇంకో ప్రశ్న వినిపిస్తుంది.

డ్రాస్ డెల్నాక్ అనే ఆ కోటకు వరుసగా ఆరు ప్రాకారాలు. మొదటి గోడ ఎల్డిబార్ పేరులో ఉల్లాసం, రెండోదైన ముసిఫ్ పేరులో నిరాశ, మూడోదైన కానియాలో తిరిగి చిగురించిన ఆశ, ఇలా సాగి ఆరోదైన గెడ్డాన్ దగ్గర మృత్యువు ఉంటుంది. ఈ ఏర్పాటు వల్ల పాఠకుడు ఎక్కడా దారి తప్పడు. ఏ గోడ పడింది, ఇంకా ఎన్ని మిగిలాయి అన్న లెక్క మనసులో నడుస్తూనే ఉంటుంది, ఒక్కో గోడ వదులుకున్నప్పుడల్లా గుండె దిగజారుతుంది. పోరాటాన్ని కళ్లకు కట్టించడానికి వర్ణన కన్నా ఆవరణ ముఖ్యమని ఈ నవల చూపినంత సూటిగా మిగతా అయిదూ చూపలేదు. పైగా నాయకత్వం వహించే డ్రస్ అరవై ఏళ్ల ముసలివాడు. మోకాలు నొప్పి పెడుతుంది, మెట్లు ఎక్కితే ఆయాసం వస్తుంది, చేతిలో గొడ్డలి మాత్రం పాతదే. గెలుపుకు మూల్యం అనే ప్రమాణంలో దీనికి సాటి వచ్చేది ఈ జాబితాలో లేదు.

ఇక లోపాలు. రెక్, వైరే అనే జంట ప్రేమలో పడే తీరు రెండు పేజీల వ్యవహారం. మాటలు కొన్నిచోట్ల మరీ నాటకీయం. ముగింపులో రచయిత తాను కట్టిన ఉచ్చులోంచి బయటపడటానికి రెండు మెలికలు వాడారు, రెండూ చులాగ్గా తేలిపోయేవే. ముగింపు గట్టిగా ఉండి తీరాలనుకునే పాఠకులకు ఇది మింగుడు పడదు. చివరి అధ్యాయాలు కాస్త తేలిపోయినా ముందు గడిపిన గంటలు వృథా కావనుకునేవారు నిశ్చింతగా తీసుకోవచ్చు.

మిస్ట్‌బార్న్: లెక్క తప్పని మంత్రవిద్య

మంత్రం వేస్తే ఏమైనా జరగవచ్చంటే ఉత్కంఠ ఉండదన్న ఫిర్యాదు ఉన్నవారికి శాండర్సన్ నవల మంచి సమాధానం. ఇందులో శక్తి లోహాల నుంచి వస్తుంది. మింగిన లోహాన్ని కడుపులో ‘మండిస్తే’ ఒక్కో లోహం ఒక్కో శక్తినిస్తుంది. తగరం ఇంద్రియాలకు పదును పెడుతుంది, ఇనుము దగ్గరలోని లోహ వస్తువును లాగుతుంది, ఉక్కు నెడుతుంది. కిటుకంతా బరువులో ఉంది. నేల మీద ఒక నాణెం పడేసి దాన్ని ఉక్కుతో నెడితే, నాణేనికి కిందికి పోయే దారి లేదు కాబట్టి నెట్టినవాళ్లే పైకి లేస్తారు. అదే నాణేన్ని గాల్లో ఉండగా నెడితే అది బాణంలా దూసుకుపోతుంది. తమకన్నా బరువైన దాన్ని నెడితే తామే వెనక్కి విసిరేయబడతారు. వీధుల్లో బతికిన విన్ అనే దొంగపిల్ల ఈ విద్య నేర్చుకునే అధ్యాయాల్లో పాఠకుడూ పక్కనే నేర్చుకుంటాడు కాబట్టి, తర్వాత వచ్చే పోరాటాల్లో ఆమె ఎత్తు ఫలిస్తుందో లేదో మనమే ముందుగా అంచనా వేయగలుగుతాం. ఈ సరదా మిగతా అయిదింటిలో దొరకదు.

దీనికి చెల్లించవలసిన మూల్యం నిడివి. రచయితకు పాఠకుడి జ్ఞాపకశక్తి మీద నమ్మకం తక్కువ కాబోలు, ఒకసారి చెప్పిన నియమాన్ని నాలుగుసార్లు గుర్తుచేస్తారు. వాక్యం ఎక్కడా తప్పటడుగు వేయదు, ఎక్కడా ఎగరనూ ఎగరదు. కథలో ముఖ్యమైన స్త్రీ విన్ ఒక్కతే అన్నంత పలుచగా మిగతా స్త్రీ పాత్రలు ఉంటాయి. ఇంగ్లిషు మాత్రం సరళమైనది. తెలుగు మాధ్యమంలో చదువుకుని ఇప్పుడిప్పుడే ఇంగ్లిషు నవలల వైపు వస్తున్నవారికి, వాక్యాలు నిఘంటువు వైపు పరుగెత్తించని పుస్తకం కావాలంటే ఇది అనుకూలం. పరీక్షకు చదివినట్టు నియమాలు గుర్తుపెట్టుకోవడం చిరాకనిపించేవారు దీని జోలికి పోకపోవడం మంచిది.

ది అవర్ ఆఫ్ ద డ్రాగన్: వాక్యంలోని ఊపు

కోనన్ అనే యోధుడి కథలు 1932 డిసెంబరులో ‘వియర్డ్ టేల్స్’ పత్రికలో మొదలయ్యాయి. 1936లో ముప్ఫయ్యేళ్లకే మరణించిన హోవర్డ్, కోనన్ మీద రాసిన ఒకే ఒక్క నవల ఇది. ఒక బ్రిటిష్ ప్రచురణకర్త నవల కావాలని అడిగితే రాసి పంపారు. ఆ సంస్థ మూతపడటంతో చివరికి అదే పత్రికలో ధారావాహికగా వచ్చింది.

హోవర్డ్ బలం ఏమిటో మొదటి యుద్ధ ఘట్టంలోనే తెలుస్తుంది. మూడు వేల ఏళ్ల కిందట చచ్చిన మాంత్రికుణ్ణి శత్రువులు లేపుతారు, వాడి మంత్రానికి, ఈ నవలలో రాజుగా ఉన్న కోనన్ యుద్ధం రోజు తెల్లవారుజామున గుడారంలో కాళ్లూ చేతులూ కదపలేక పడిపోతాడు. రాజు కవచం మరొకడు తొడుక్కుని సైన్యాన్ని నడిపిస్తాడు. రాజు మంచం మీద నుంచే, గుమ్మంలో నిలబడిన సేవకుడు కళ్లతో చూసి చెప్పేది వింటూ, తన సైన్యం నాశనం కావడాన్ని తెలుసుకుంటాడు. మహా బలశాలిని కదలకుండా పడేసి యుద్ధాన్ని చెవులతో చూపించాలన్న ఆలోచన మామూలు రచయితకు రాదు.

తర్వాతి కథ మాత్రం అతుకుల బొంత. చెరసాల, కోతిలాంటి మృగం, ఓడ, పాముల దేవుణ్ణి కొలిచే నగరం ఒకదాని వెనక ఒకటి వస్తాయి, కొన్ని ఘట్టాలు హోవర్డ్ తన పాత కథల నుంచే తిరగరాసుకున్నవి. కోనన్‌ను తాళంచెవులిచ్చి కాపాడిన జెనోబియా అనే అమ్మాయి ఆ తర్వాత నవలలో దాదాపు కనబడదు. దూరదేశాల ప్రజల వర్ణనలో ఆ కాలపు అమెరికా జాతి దురభిమానం దాగకుండా బయటపడుతుంది, దాన్ని ‘కాలం అలాంటిది’ అని పక్కకు నెట్టేయలేనివారు చదవకపోవడంలో తప్పేమీ లేదు. కథ అతుకు సంగతి పట్టించుకోకుండా వాక్యంలోని ఉధృతిని ఆస్వాదించేవారికి, పద్యం చదివినంత ఇష్టంగా గద్యాన్ని పైకి చదువుకునే అలవాటున్నవారికి, ఆరింటిలో ఇదే మేటి.

ఎ ప్రిన్సెస్ ఆఫ్ మార్స్: ముత్తాత లాంటి నవల

బరోస్ రాసిన ఈ తొలి కథ 1912లో ‘ఆల్ స్టోరీ’ పత్రికలో ఆరు నెలలు ధారావాహికగా వచ్చి, 1917లో పుస్తకమయింది. జాన్ కార్టర్ అనే మాజీ సైనికుడు ఆరిజోనాలో ఒక గుహలోంచి, ఎలాగో తెలియకుండానే, అంగారకుడి మీద తేలతాడు. అక్కడ గురుత్వం తక్కువ కాబట్టి ఒక్క అడుగు వేయబోయి ఎగిరి బోర్లా పడతాడు. ఆ గెంతే తర్వాత అతని ఆయుధమవుతుంది. నాలుగు చేతుల ఆకుపచ్చ మనుషులు, పది కాళ్ల పెంపుడు మృగం వూలా, ఎండిన సముద్రాల అడుగున నడిచే దండయాత్రలు: ఊహకు కొదవ లేదు.

లోపాలకూ కొదవ లేదు. ఎక్కడ తలుపు తట్టినా అవసరమైన మనిషే ఎదురవుతాడు. నాయకుడు అమెరికా అంతర్యుద్ధంలో బానిసత్వాన్ని నిలుపుకోవడానికి పోరాడిన దక్షిణాది పక్షపు కెప్టెన్, అమెరికా మూలవాసుల గురించి మొదటి అధ్యాయాల్లో వచ్చే మాటలు నేడు చదవడానికి ఇబ్బందిగా ఉంటాయి. రాకుమారి డెజా థోరిస్ మొదట ధీమాగా మాట్లాడినా, కథ నడిచేకొద్దీ ఆమె పని చెరలో పడటం, విడిపించబడటం మాత్రమే అవుతుంది. చందమామ ధారావాహికలతో పెరిగినవారికి మాత్రం ఈ అల్లిక చిరపరిచితం, కాకతాళీయాలు వాళ్లను అంతగా బాధించవు.

ఒక సౌలభ్యం కూడా ఉంది. మన దేశంలో రచయిత మరణించిన 60 ఏళ్ల తర్వాత కాపీరైట్ ముగుస్తుంది. 1950లో మరణించిన బరోస్, 1936లో మరణించిన హోవర్డ్ రాసిన మూల పాఠాలు ఆ గడువు దాటినవే. ఈ నవల ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. డబ్బు పెట్టే ముందు ఈ రుచి తమకు సరిపడుతుందో లేదో చూసుకోవాలనుకునేవారు ఇక్కడ మొదలుపెట్టవచ్చు.

ది క్రిస్టల్ షార్డ్, ఫోర్త్ వింగ్: కుర్రకారుకు రెండు దారులు

సాల్వటోర్ నవల ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఆట కోసం తయారైన లోకంలో నడుస్తుంది. వుల్ఫ్‌గార్ అనే యువకుణ్ణి నాయకుడిగా అనుకుని మొదలైన కథను, పక్కపాత్రగా వచ్చిన డ్రిజ్ట్ అనే నల్ల ఎల్ఫ్ (మనిషిని పోలిన కల్పిత జాతివాడు) రెండు వంపు కత్తులతో ఎగరేసుకుపోయాడు. ఇందులో కత్తియుద్ధం చదరంగంలా ఎత్తు, పై ఎత్తు, మోసపు ఎత్తుగా సాగుతుంది. మరుగుజ్జు కమ్మరి బ్రూనార్ ఒంటరిగా యుద్ధపు సుత్తిని తయారుచేసే అధ్యాయం యుద్ధాలన్నిటికన్నా బాగుంటుందన్నది నా అభిప్రాయం. ప్రతినాయకుడైన మాంత్రికుడు కెసెల్ పరమ అల్పుడు, అసలు శక్తి అతని చేతిలోని స్ఫటికానిది. ముఖ్య పాత్రలకు నిజంగా ప్రమాదం ఉందన్న భయం పుట్టదు. గేములు ఆడే పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లలకు కొనివ్వాలంటే ఆరింటిలో నేను ఎంచేది ఇదే.

‘ఫోర్త్ వింగ్’ను మాత్రం ఆ వయసు పిల్లల చేతికి ఇవ్వకండి, శృంగార ఘట్టాలు పెద్దలకు ఉద్దేశించినవి. ఇరవైలలో ఉన్నవారికి, ప్రేమకథ సగపాలు ఉంటే తప్ప యుద్ధం రుచించదనుకునేవారికి ఇది సరిపోతుంది. డ్రాగన్‌ల మీద స్వారీ నేర్పే సైనిక కళాశాలలో మొదటి పరీక్షే చక్కటి ఘట్టం. వానలో తడిసిన సన్నటి రాతి వంతెన దాటాలి, జారితే లోయలోకే. బలహీనమైన ఒళ్లున్న వయొలెట్, వరుసలో నిలబడిన ఇంకో అమ్మాయి బూట్లు జారేలా ఉన్నాయని చూసి, తన బూట్లలో ఒకటి ఆమెకిచ్చి, ఆమెది ఒకటి తాను తొడుక్కుంటుంది. ఇద్దరికీ చెరొక కాలు నిలుస్తుంది. పాత్ర ఎలాంటిదో ఆ ఒక్క పనితో తెలిసిపోతుంది. కానీ సరిహద్దులో యుద్ధం నడుస్తూ సైనికుల అవసరం ఉన్న రాజ్యం, చేరినవాళ్లను చేరినట్టే కళాశాలలో చంపుకోవడం ఏమిటన్న ప్రశ్నకు జవాబు వెతక్కూడదు. పాత్రలు నేటి అమెరికా కాలేజీ పిల్లల్లా మాట్లాడతాయి, అది కొందరికి హాయి, కొందరికి చికాకు.

రెండింటి మధ్య ఊగిసలాడుతుంటే

‘లెజెండ్’, ‘మిస్ట్‌బార్న్’ మధ్య తేల్చుకోలేకపోతే మీకు ఉన్న సమయాన్ని చూడండి. ఒక దూరప్రయాణపు రైల్లో పూర్తయ్యేది మొదటిది, నెలరోజులు రాత్రిపూట తోడుండేది రెండోది. హోవర్డ్, బరోస్‌ల మధ్య అయితే, వాక్యం ముఖ్యమనుకునేవారు హోవర్డ్‌ను, వింతలు ముఖ్యమనుకునేవారు బరోస్‌ను తీసుకోవాలి. పాత రచనల్లోని వివక్ష చదివి మనసు పాడుచేసుకోవడం ఇష్టం లేనివారు ఆ రెండింటినీ పక్కనపెట్టి 1984 నుంచి వచ్చిన నాలుగింటిలోంచే ఎంచుకోవచ్చు. అలాగని ఆ నాలుగూ స్త్రీ పాత్రల విషయంలో మచ్చ లేనివేమీ కావు, ఒక్క ‘ఫోర్త్ వింగ్’లోనే కథ పగ్గాలు మొదటి నుంచి అమ్మాయి చేతిలో ఉంటాయి.

ఎక్కడ ఆపాలి

ఈ తరహాలో పుస్తకాల సంఖ్య పెరిగేకొద్దీ లోపాలు పెరుగుతాయి, సరదా అంతగా పెరగదు. ‘లెజెండ్’ తర్వాత గెమ్మెల్ అదే లోకంలో మరెన్నో రాశారు గానీ, ఇది ఒక్కటి చదివి ఆగినా వెలితి ఉండదు. ‘మిస్ట్‌బార్న్’ తొలి నవలలోనే రాజ్యం కథ ఒక కొలిక్కి వస్తుంది. 2007, 2008ల్లో వచ్చిన తరువాయి భాగాలు మిగిలిన చిక్కుముళ్లు విప్పుతాయి కానీ రెండోదాంట్లో నడక మందగిస్తుంది. సాల్వటోర్‌ను ఇష్టపడినవారు 1990లో వచ్చిన ‘హోమ్‌లాండ్’కు వెళ్లవచ్చు, డ్రిజ్ట్ బాల్యం చెప్పే ఆ నవల దీనికన్నా గట్టిది. ‘ఫోర్త్ వింగ్’ వరుసలో మూడోది 2025 జనవరిలో వచ్చింది, అందులోనూ కథ ముగియలేదు కాబట్టి ఎదురుచూసే ఓపిక లేనివారు ఇప్పుడే మొదలుపెట్టకపోవడం నయం. బరోస్ అంగారకుడి మీద పదకొండు పుస్తకాల వరుస ఉంది. మొదటిది నడిమధ్యలో వదిలేస్తుంది కాబట్టి ‘ది గాడ్స్ ఆఫ్ మార్స్’, ‘ది వార్‌లార్డ్ ఆఫ్ మార్స్’ కూడా కలిపి మూడు చదివి, అక్కడితో ఆపేయండి.